కారు ఆంప్లిఫయర్ ఆగిపోయింది: బ్యాటరీ నుంచి తలుపు దాకా నేను వెతికిన తీరు

"బోర్డు పోయింది సార్, కొత్తది వేసుకోండి. ఇట్లాంటివి బాగుచేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు." మా కారు ఆంప్లిఫయర్ ఆగిపోయాక ఒక యాక్సెసరీస్ షాపులో నాకు చెప్పిన మాట ఇది. స్టీరియో ఆన్ చేశారు, సీటు కింద ఆంప్ మీద లైటు వెలగలేదు, తీర్పు అయిపోయింది. మీటరు పెట్టి చూసిందే లేదు. బోర్డు పోతే లైటు వెలగదు, నిజమే. కానీ బోర్డుకు కరెంటు చేరకపోయినా లైటు వెలగదు. రెంటిలో ఏదో తేల్చడానికి ఒక మల్టీమీటరు, ఒక పాత హెడ్‌లైట్ బల్బు, కాస్త ఓపిక చాలు. నేను డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఉద్యోగం వేరే పనిలోనే అయినా మీటరు, సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. కొత్తది కొనే ముందు సంగతేమిటో చూద్దామని కారు ఇంటికి తెచ్చేశాను.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్విఫ్ట్. ఆడియో అంతా పాత ఓనరు పెట్టించిందే. డ్రైవర్ పక్క సీటు కింద నాలుగు చానెళ్ల ఆంప్ ఉంటుంది. రెండు చానెళ్లు ముందు తలుపుల్లోని స్పీకర్లకు వెళ్తాయి, మిగతా రెంటినీ బ్రిడ్జ్ చేసి, అంటే కలిపి ఒకటిగా చేసి, డిక్కీలో ఉన్న సబ్ వూఫర్‌కి ఇచ్చారు. ఖరీదైన సెట్ కాదు గానీ మా ఇంట్లో దానికి విలువ ఎక్కువ. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లినప్పుడల్లా నాన్నగారు వెనక సీట్లో కూర్చుని పద్యాలు పెట్టించుకుంటారు. హార్మోనియం శ్రుతి సరిగ్గా వినపడకపోతే "ఒరేయ్, కాస్త సౌండు సరిచెయ్యరా" అంటారు. ఆ సౌండు సూర్యాపేట దగ్గర పడుతుండగా పూర్తిగా పోయింది.

అంతకుముందే కొన్ని గుర్తులు కనపడ్డాయి. ఎడమ తలుపు స్పీకరు ఉండుండి గరగరలాడేది. వాల్యూం పెంచితే తబలా దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం తెగిపోయి మళ్లీ వచ్చేది. ఆగిపోయిన రోజున ఇంకొకటి గమనించాను. స్టీరియో ఆన్ చేసిన క్షణంలో ఆంప్ లైటు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోతోంది. షాపులో పగటి వెలుగులో అది కనపడి ఉండదు. నాకైతే అదే పెద్ద ఆధారం అయింది. పూర్తిగా చచ్చిన బోర్డు మిణుకు కూడా చూపించదు.

మొదట ఫ్యూజులు చూశాను. ఆంప్ మీదే 20 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజులు రెండు ఉన్నాయి. బానెట్ కింద బ్యాటరీ దగ్గర లైనులో 60 ఆంపియర్లది ఇంకొకటి ఉంది. కంటికి బాగున్న ఫ్యూజును నమ్మకూడదు, తీగ అంచు దగ్గర విరిగి ఉంటే పైకి తెలియదు. బయటికి తీసి, మీటరును కంటిన్యుటీలో, అంటే తీగ తెగకుండా ఉంటే బీప్ అనే సెట్టింగులో పెట్టి చూస్తే మూడూ బాగానే బీప్ అన్నాయి.

తర్వాత ఆంప్ మీద ఉండే మూడు స్క్రూల సంగతి. ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే 12 ఓల్టుల ప్లస్. రెండోది కారు బాడీకి బిగించే ఎర్త్. మూడోది రిమోట్, అంటే స్టీరియో ఆన్ అయినప్పుడు "లెయ్" అని ఆంప్‌కు చెప్పే సన్నని వైరు. స్టీరియో వెనక ఇది ఎక్కువగా నీలం మీద తెల్ల చారతో ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆంప్ లేవదు. ప్లస్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే 12.5 ఓల్టులు చూపించింది. స్టీరియో ఆన్ చేస్తే రిమోట్ దగ్గర 12 పైనే వస్తోంది. రిమోట్ రాకపోయి ఉంటే ప్లస్ నుంచి చిన్న వైరుతో దాన్ని ఒక్క క్షణం తాకించి చూసేవాణ్ణి. అప్పుడు ఆంప్ లేస్తే తప్పు స్టీరియో వైపు ఉన్నట్టు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఎర్త్ వైరును సీటు బోల్టు పక్కన పెయింటు గీకి బిగించారు, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్ దాకా అర ఓమ్ కూడా లేదు.

చాలామంది ఇక్కడే ఆగి "కరెంటు వస్తోంది కదా, అయితే బోర్డే" అనేస్తారు. కానీ మల్టీమీటరు తనకోసం తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. వైరులో ఎక్కడో జాయింటు పాడై ఉన్నా, దాని గుండా కరెంటు పారనంతసేపూ ఓల్టేజి పడిపోదు, మీటరుకు పూర్తి 12.5 కనపడుతుంది. తుప్పు పూడుకుపోయిన పైపుకు కుళాయి కట్టేసి ఉంచితే లోపల ప్రెషర్ ఉన్నట్టే ఉంటుంది, విప్పితే సన్నటి ధార వస్తుంది. కరెంటు లైనును కూడా అలా విప్పి, అంటే దాని మీద లోడు పెట్టి చూడాలి.

దానికి నేను వాడింది పాత హెచ్4 హెడ్‌లైట్ బల్బు. 60 వాట్ల ఫిలమెంటు 12 ఓల్టుల మీద దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. ఆంప్ నుంచి ప్లస్, ఎర్త్ వైర్లు రెండూ ఊడదీసి వాటి చివర్ల మధ్య బల్బు పెట్టాను. హెడ్‌లైటులా వెలగాల్సిన బల్బు ఎర్రటి తీగలాగా మాత్రం కనపడింది. మీటరు 12.5 నుంచి 4 ఓల్టుల దగ్గరికి జారిపోయింది. ఆంప్ ఎందుకు మిణుకుమని ఆరిపోతోందో అప్పుడు అర్థమైంది. లోపల కాస్త కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్లు నిండి ఉండటం వల్ల ఒక్క క్షణం లేస్తోంది, కరెంటు లాగగానే ఓల్టేజి పడిపోయి తనంతట తానే ఆగిపోతోంది.

ఆ ఎనిమిది ఓల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం కష్టమేమీ కాదు. బల్బు అలాగే వెలుగుతుండగా మీటరు నల్ల ప్రోబును బ్యాటరీ ప్లస్ మీద పట్టుకున్నాను. ఎర్ర ప్రోబును లైను వెంట ఒక్కో చోట పెట్టుకుంటూ పోయాను. వైరులో ఏమీ పోకపోతే మీటరు సున్నా దగ్గర ఉంటుంది, ఎక్కడ పోతుంటే అక్కడ అంకె దూకుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర సున్నా. ఫ్యూజ్ హోల్డర్‌లోకి వెళ్లే వైరు మీద సున్నా. ఫ్యూజు అవతలి స్క్రూ మీద ఎనిమిది చిల్లర! మైనస్ చూపించిందనుకోండి, ప్రోబులు ఏ వైపు పట్టుకున్నామన్న దాన్నిబట్టి గుర్తు మారుతుంది, అంకె ముఖ్యం.

బ్యాటరీ మైనస్ విప్పేసి ఈసారి హోల్డర్‌ను పూర్తిగా విప్పి చూశాను. పారదర్శకంగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఒక పక్క కరిగి ఉంది. స్క్రూ కింద వైరు పోగులు బూడిదరంగులో పొడిపొడిగా రాలాయి. అది రాగి వైరు కాదు, రాగి పూత వేసిన అల్యూమినియం వైరు. మార్కెట్లో చవక కిట్లలో ఎక్కువగా అదే వస్తుంది. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటును 60 శాతం దాకానే మోస్తుంది. స్క్రూ కింద నలిగి కొన్నాళ్లకు వదులవుతుంది, తడి తగిలితే పై పొర పాడై జాయింటు వేడెక్కుతుంది. పైగా వేసింది 8 గేజి (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది), పెట్టింది 60 ఆంపియర్ల ఫ్యూజు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టేది వైరును కాపాడటానికి. ఎక్కడైనా వైరు నలిగి బాడీకి తగిలితే మంటలు రాకముందే ఫ్యూజు పోవాలి. అందుకే దాన్ని బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే పెట్టమంటారు. సన్నవైరు మీద పెద్ద ఫ్యూజు పెడితే వైరే ముందు కాలుతుంది. ఇలాంటివి చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అది పాట ఆగిపోవడంతో తీరే విషయం కాదు, కారులో మనుషులు కూర్చుంటారు.

4 గేజి అసలు రాగి వైరు కొన్నాను. దాని అడ్డుకోత వైశాల్యం దాదాపు 21 చదరపు మిల్లీమీటర్లు. చివరలకు లగ్గులు క్రింప్ చేయించి, కొత్త హోల్డర్ పెట్టి, అందులో 50 ఆంపియర్ల ఫ్యూజు వేశాను. ఇంజనుకూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడలోంచి (ఫైర్‌వాల్) వైరు వచ్చే చోట, అది గీరుకోకుండా రబ్బరు గ్రోమెట్ పెట్టాను. మళ్లీ అదే బల్బుతో చూస్తే ఈసారి కళ్లు మూసుకోవాల్సినంత వెలుగు, మీటరులో 12.3.

ఆంప్ తగిలించి స్టీరియో ఆన్ చేశాను. లైటు వెలిగింది, కానీ ఎర్రగా. ప్రొటెక్షన్.

నిజం చెప్పాలంటే అప్పుడు కాస్త టెన్షన్ వచ్చింది. ఎర్రలైటు అంటే ఆంప్ లేచింది, లోపల గానీ బయట గానీ ప్రమాదం కనపడి అవుట్‌పుట్ ఆపేసింది అని. లోపలో బయటో తేల్చడానికి స్పీకర్ వైర్లన్నీ పీకేశాను. ఎర్రలైటు పోలేదు. స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లు కూడా తీసేశాను, అయినా ఎర్రగానే ఉంది. ప్లస్, ఎర్త్, రిమోట్ తప్ప ఇంకేమీ లేకుండా కూడా ప్రొటెక్షన్‌లోనే ఉందంటే జబ్బు పెట్టె లోపలే.

ఆంప్ విప్పే ముందు పీకిన స్పీకర్ వైర్లను ఒక్కొక్కటిగా కొలిచాను. 4 ఓమ్‌ల స్పీకరు మీటరు మీద 3.2 నుంచి 3.8 మధ్య చూపించడం మామూలే. సబ్ వూఫర్ సరిగ్గానే ఉంది. కుడి తలుపు 3.6. ఎడమ తలుపు 3.7. అన్నీ బాగానే ఉన్నాయి కదా అనుకుంటుండగా గాలికి ఎడమ తలుపు మూసుకుంది. మీటరు 0.4కి పడింది. తలుపు తెరిస్తే 3.7, మూస్తే 0.4. కూర్చుని ఆ తలుపును తెరుస్తూ మూస్తూ కాసేపు అదే చూశాను.

కంపెనీ వైర్లు తలుపుకీ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. కొత్త స్పీకరు వైరు అందులోంచి లాగడం కష్టమైన పని, చేతులు గీరుకుపోతాయి, టైము పడుతుంది. అందుకని ఈ ఆంప్ బిగించినవాళ్లు వైరును బయటినుంచే, కీలు పక్క సందులోంచి తెచ్చారు. తలుపు మూసిన ప్రతిసారీ వైరు నలిగేది. రెండు తీగల మీదా ఇన్సులేషన్ తెగి, తలుపు పడ్డప్పుడు అవి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎడమ స్పీకరు గరగర అక్కడిదే. ఆంప్ నేరుగా షార్ట్ మీద పాట వాయిస్తోంది.

ఇప్పుడు మొత్తం కథ ఒక వరసలో కనపడింది. తలుపు దగ్గర షార్ట్ వల్ల ఆ చానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు దెబ్బతింటూ వచ్చాయి. దెబ్బతిన్న చానెల్ కరెంటు ఎక్కువ లాగింది. ఎక్కువ కరెంటుకు ముందే బలహీనంగా ఉన్న అల్యూమినియం జాయింటు వేడెక్కి హోల్డర్ కరిగింది. చివరికి లైటే ఆరిపోయింది. షాపువాళ్ల మాట విని కొత్త ఆంప్ తగిలించి ఉంటే అదీ ఇదే తలుపు వైరుకు బలయ్యేది.

ఆంప్ కింది ప్లేటు స్క్రూలు విప్పితే బోర్డు బయటపడింది. ఒక చివర పవర్ సప్లై ఉంటుంది. టీఎల్ 494 అనే కంట్రోల్ ఐసీ, దాని మాట విని కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్లు, చుట్టలు చుట్టిన గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్. బ్యాటరీ 12 ఓల్టులతో పెద్ద శబ్దం పుట్టదు కాబట్టి ఈ భాగం దాన్ని ప్లస్, మైనస్ రెండు వైపులా 27 ఓల్టుల చొప్పున పెంచుతుంది. మాస్‌ఫెట్లు షార్టయి ఉంటే ఆంప్ మీది ఫ్యూజు పెట్టిన వెంటనే ఎగిరిపోయేది. ఇక్కడ ఎగరలేదు కాబట్టి నా చూపు రెండో చివరికి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల వైపు వెళ్లింది. వేడిని లాగేసే హీట్ సింక్‌కు ఇనుప పట్టీతో బిగించి వరసగా ఉన్నాయి, చానెల్‌కు టిప్ 35సి రకం ట్రాన్సిస్టరు ఒకటి, టిప్ 36సి ఒకటి. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ట్రాన్సిస్టరు కాళ్లయిన కలెక్టర్, ఎమిటర్ మధ్య చూస్తూ పోయాను. ఎడమ ముందు చానెల్ జత రెండూ సున్నా చూపించాయి. బోర్డు మీద ఉండగా చూస్తే పక్క పార్టుల వల్ల మోసపోవచ్చు కాబట్టి వాటిని సోల్డర్ తీసి బయటపెట్టి మళ్లీ చూశాను. షార్టే. వాటి పక్కన ఎమిటర్ రెసిస్టర్ ఒకటి నల్లగా కాలి ఉంది. వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు బాగానే ఉన్నాయి.

పార్టుల కోసం కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ సామాను దొరకని రోజు నాకు గుర్తులేదు. అక్కడ చిన్న గదిలో ఆంప్లిఫయర్లు రిపేరు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. కాలిన ట్రాన్సిస్టర్లు చేతిలో పెట్టగానే అడిగారు.

"ఇవి మార్చుడు పెద్ద పని కాదు బేటా. ఎందుకు కాలినయో చూసినవా?"

"తలుపు దగ్గర స్పీకర్ వైర్ షార్ట్ అయింది చాచా. దొరికింది."

"దొరికిందంటే ఇక పెట్టుకో. లేకుంటే మళ్ల వచ్చేవాడివి."

ఆయన డబ్బాలోంచి రెండు రకాల టిప్ 35సి తీసి నా అరచేతిలో పక్కపక్కన పెట్టారు. పైన అచ్చు ఒకటే, బరువు ఒకటి కాదు. తేలికగా ఉన్నది డూప్లికేట్. లోపల చిప్పు చిన్నది పెడతారు, వెనక రేకు పలచగా ఉంటుంది, మీటరు మీద బాగానే కనపడి మొదటి గట్టి దెబ్బకే పోతుంది. బరువైనవే తీసుకున్నాను. జతలో ఒకటి పోయినా రెండూ మార్చాలన్నది చాచా నియమం, నా విషయంలో ఎలాగూ రెండూ పోయాయి. ట్రాన్సిస్టరుకూ హీట్ సింక్‌కూ మధ్య కరెంటు తగలకుండా పెట్టే మైకా ముక్కలు, వేడి బాగా దాటడానికి రాసే తెల్ల పేస్టు, అదే విలువ ఉన్న రెసిస్టరు కూడా ఇచ్చారు. అన్నీ కలిపి కొత్త ఆంప్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇంట్లో సోల్డర్ చేసి, మైకా పెట్టి, పట్టీ బిగించాను. ట్రాన్సిస్టరు వెనక రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య బీప్ రాలేదని చూసుకున్నాను. పట్టీ బిగించకుండా ఒక్క నిమిషం కూడా పవర్ ఇవ్వకూడదు, హీట్ సింక్ తగలని ట్రాన్సిస్టరు క్షణాల్లో పోతుంది. మొదటిసారి పవర్ ఇవ్వడానికి మళ్లీ ఆ హెచ్4 బల్బే పనికొచ్చింది. ఈసారి దాన్ని ప్లస్ లైనులో సిరీస్‌గా పెట్టాను. లోపల ఇంకా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతూ కరెంటును తనే ఆపుతుంది, కొత్త పార్టులు కాలవు. బాగుంటే కెపాసిటర్లు నిండేదాకా ఒక్కసారి వెలిగి మందగిస్తుంది. బల్బు మెరిసి మందగించింది. ఆంప్ లైటు ఆకుపచ్చ!

స్పీకర్లు తగిలించే ముందు ఇంకో కొలత తీసుకున్నాను. పాట లేకుండా ప్రతి చానెల్ స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ ఓల్టేజి చూడాలి. కొన్ని మిల్లీఓల్టులు ఉంటే పరవాలేదు. ఓల్టుల్లో ఉంటే స్పీకరు కాయిల్ కాలిపోతుంది. నాకు నాలుగు చానెళ్లలోనూ 30 మిల్లీఓల్టుల లోపే వచ్చింది.

తలుపు పని అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. తలుపు ప్యాడ్ ఊడదీసి, రబ్బరు గొట్టాన్ని రెండు వైపులా విడిపించి, గట్టి ప్లాస్టిక్ తీగకు కొత్త స్పీకరు వైరు కట్టి లోపలినుంచి లాగాను. సబ్బు నీళ్లు కాస్త రాస్తే జారుతుంది. లాగాక తలుపు తెరిచి మూస్తూ మీటరు చూశాను. 3.7 నుంచి కదల్లేదు.

ఆఖరికి గెయిన్. పాత ఓనరు దాన్ని చివరిదాకా తిప్పి వదిలేశారు. చాలామంది గెయిన్‌ను వాల్యూం అనుకుంటారు. అది స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే నాబు. ఎక్కువైతే శబ్దపు అలల తలలు తెగిపోయి స్పీకర్లూ ట్రాన్సిస్టర్లూ రెండూ వేడెక్కుతాయి. మా ఆంప్ చానెల్‌కు 4 ఓమ్‌ల మీద 50 వాట్లు ఇస్తుంది. 50ని 4తో గుణించి వర్గమూలం తీస్తే 14.1. స్పీకర్లు పీకేసి, స్టీరియో వాల్యూం ముప్పావు వంతు దగ్గర పెట్టి, టెస్ట్ టోన్ వాయిస్తూ, మీటరు ఏసీలో 14 ఓల్టులు చూపించేదాకా గెయిన్ తిప్పి ఆపాను. ముందు చానెళ్లకు వెయ్యి హెర్ట్‌జ్ టోన్, సబ్ వూఫర్‌కు 50 హెర్ట్‌జ్. బ్రిడ్జ్ చేసిన చానెళ్లకు లెక్క వేరే, అక్కడ ఆంప్ పుస్తకంలో రాసిన బ్రిడ్జ్ వాట్లు పట్టుకుని అదే సూత్రం వాడాలి.

ఇంజను ఆన్‌లో ఉంచి, గట్టిగా పాట పెట్టి ఆంప్ దగ్గర ఓల్టేజి చూశాను. 13.9, తబలా దెబ్బకు 13.6 దాకా దిగి వెంటనే లేస్తోంది. కుడి తలుపు వైరు కూడా ఇలాగే కీలు పక్క సందులోంచి వెళ్లిందని అప్పటికే చూశాను. దాని ఇన్సులేషన్ ఇంకా తెగలేదు, ఒకచోట నొక్కుకుపోయి ఉంది. ఆ వైరు కూడా తీసేసి, కొత్తది రబ్బరు గొట్టంలోంచి లాగాకే సీటు తిరిగి బిగించాను.